తగలని చెంపదెబ్బ

ఆగస్టు 9

ఈ డైరీ నగల కొట్టువాళ్ళు ఉచితంగా ఇచ్చింది. ఇన్నాళ్ళూ మా ఆవిడ చెల్లక్కని దీని మీద వేడి కుక్కర్ దించి పెట్టేది. అట్ట మీద గుండ్రంగా మచ్చ పడింది. ఈ రోజు నుంచి నేను రాసుకుంటాను, కుక్కర్‌కి వేరే చోటు చూసుకోమన్నాను. "మీరేం రాస్తారు, ఎనిమిదో క్లాసు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో నా భార్య నాకిచ్చిన డిగ్రీ అదొక్కటే.

ఎవరితోనైనా చెప్పుకుందామంటే నవ్వుతున్నారు. పొద్దున టీకొట్టు దగ్గర "మరుదప్పన్ అన్నకి పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి పడిపోయింది" అన్నాను. ఇద్దరు నవ్వారు. తర్వాత నాలుక కరుచుకున్నారు. వాళ్ళ తప్పు కాదు. నా ముఖం చూస్తూ వింటే ఏ వార్తయినా అలాగే ఉంటుంది. అందుకే కాగితం. దానికి నా ముఖం కనపడదు.

అన్నని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. మద్రాసులో మా సాలిగ్రామం నుంచి అన్న ఉండే వలసరవాక్కం దాకా నడిచే వెళ్ళాను. మాట బాగానే ఉంది, కాస్త నిదానం. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పడుంది, పక్కింటివాళ్ళు ఊరెళ్తూ చూస్తుండమని ఇచ్చిపోయిన సామానులాగా.

"ఇంతమందిని కొట్టింది కదరా. విశ్రాంతి తీసుకుంటోంది" అన్నాడు.

"ఇంతమందిని ఎక్కడ కొట్టావన్నా. సినిమాల్లో నన్నొక్కణ్ణే కదా."

"అయితే నీ ఉసురే."

పేచ్చియమ్మ వదిన వంటింట్లోంచి "ఆ మాటలు వద్దు" అంది. ఇద్దరం నోరు మూసుకున్నాం. ఆ ఇంట్లో నిజంగా కొట్టగలిగిన మనిషి ఆవిడే.

ఆగస్టు 10

వెళ్ళాను. వచ్చాను.

ఆగస్టు 14

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. పేరు జెసింత. తూత్తుకుడి పిల్ల. మా ఇద్దరినీ చూసి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. చదువుకున్న పిల్ల, ఆపుకోగలిగింది.

"చెయ్యికి ఆశ పుట్టించాలి అయ్యా. ఆయనకి బాగా ఇష్టమైనది ఎదురుగా పెట్టండి, అందుకోమనండి" అంది. వదిన హల్వా తెచ్చి పెట్టింది. అన్న ఎడమచేత్తో తీసుకుని తినేశాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎడమచేత్తోనే. జెసింత ఎడమచెయ్యి పట్టుకుంది. అన్న ముందుకి వంగి నోటితో అందుకున్నాడు.

"ఇది కాదు. ఈ చెయ్యికి అన్నిటికంటే అలవాటైన పని ఏంటి?" అని అడిగింది జెసింత.

అందరూ నావైపు చూశారు.

రేపటి నుంచి అన్న ఎదురుగా కూర్చోబోయేది హల్వా కాదు, నేను.

ఆగస్టు 17

వాన. బయటికి పోలేక పాత సంగతులన్నీ గుర్తుకొచ్చాయి.

నేను ఈ చెంపతో బతికాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కొందరు గొంతుతో బతుకుతారు, కొందరు కండలతో.

కారైక్కుడిలో ఒక పెద్ద ఇంట్లో షూటింగ్. అప్పటికి నేను ఊళ్ళ తిరునాళ్ళలో నాటకాల బఫూన్ వేషం వేసి, అది చాలక మద్రాసు వచ్చి, గుంపులో నిలబడే పనికి కుదిరాను. ఊదుబత్తులు అమ్మేవాడి వేషం వేయాల్సిన ఆయన ఆ రోజు రాలేదు. మేనేజరు గుంపులోంచి నా చొక్కా పట్టి లాగాడు. "సన్నగా ఉన్నావు, ఊదుబత్తి అమ్మితే నమ్ముతారు." వేషం ఏమిటంటే, మరుదప్పన్ అన్న నన్ను చెంపమీద కొట్టాలి. నేను వెళ్ళిపోవాలి. అంతే.

అన్న అప్పటికే పేరున్నవాడు. చెయ్యి లేపాడు. సరిగ్గా ఆ చెయ్యి వచ్చే వేళకి నా తల తిరిగిపోయింది. చెయ్యి నా బుగ్గకి వెంట్రుకవాసి దూరంలో గాలిని కోసుకుంటూ పోయింది. తగల్లేదు. చూసినవాళ్ళందరూ తగిలిందనుకుని "అయ్యో" అన్నారు. పైన చెక్కల మీద కూర్చున్న లైట్‌మన్లు నవ్వారు.

అన్న నన్ను పక్కకి పిలిచాడు.

"ఎవడ్రా నీకు నేర్పింది?"

"జ్ఞానముత్తు మాస్టారు సార్. మా ఊళ్ళో లెక్కలు చెప్పేవారు."

"నాటకాలు కూడా ఆడేవాడా?"

"లేదు సార్. కొట్టేవారు. ఆయన చెయ్యి బయల్దేరే ముందు భుజం కదుల్తుంది. అది చూసి నేను తల తిప్పేసేవాణ్ణి."

"మరి లెక్కలు వచ్చాయా?"

"లేదు సార్. ఇదొక్కటే వచ్చింది."

అన్న కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాతి సినిమాకి నన్ను అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ తర్వాత నేను లేకుండా ఆయన ఒప్పుకోలేదు. సుడలైముత్తు అనే నా పేరు మా అమ్మ, రేషన్‌కార్డు తప్ప ఎవరూ వాడరు. "ఊదుబత్తి" అంటేనే అందరికీ తెలుసు. "ఏరా ఊదుబత్తి, వెలిగించకముందే పొగేంట్రా" అని అన్న అనేవాడు, చెయ్యి లేపేవాడు, నా తల తిరిగేది. హాల్లో జనం బల్లలు గుద్దేవారు. ఆ కేకలతో ఈ ఇల్లు కట్టాను. చెల్లెలి పెళ్ళి చేశాను. ఊళ్ళో జ్ఞానముత్తు మాస్టారికి శాలువా కప్పాను. ఆయన ఏడ్చి, అలవాటు కొద్దీ చెయ్యి లేపారు. నేను తల తిప్పాను.

రైల్లో, గుళ్ళో, ఆస్పత్రిలో, ఎక్కడ కనపడినా జనం ఒకటే అడుగుతారు. "అన్నా, ఆయన కొడితే నిజంగా తగుల్తుందా?" లేదు అంటాను. నిజమే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ చెయ్యి నాకు తగల్లేదు. ఆయన ఒక వెంట్రుకవాసి ముందు ఆపుతాడు. నేను ఒక వెంట్రుకవాసి ముందు తిరుగుతాను. మధ్యలో ఉన్న ఆ కాస్త గాలే మా ఇద్దరి సంపాదన.

కొత్తవాళ్ళు వచ్చాక మమ్మల్ని పిలవడం తగ్గింది. ఇప్పుడు కుర్రాళ్ళు ఫోన్లలో నా ముఖం కింద ఏవేవో రాసి పంపుకుంటారట. చెల్లక్కని చూపించింది. అందులో నేను కరెంటు బిల్లు చూసి ఏడుస్తున్నాను. బాగానే ఏడ్చాను.

ఆగస్టు 20

డైరెక్టరు ఇళంపరిది మా ఇంటికి వచ్చాడు. చిన్నవాడు. మా సినిమాలు చూసి పెరిగానన్నాడు. మా ఇద్దరికోసమే కథ రాశాడు. ఇద్దరు ముసలి స్నేహితులు, ఒక బస్టాండు. చాలా ఏళ్ళకి ఒకడు తిరిగొస్తాడు, రెండోవాడు "ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళూ" అని ఒక్కటి ఇస్తాడు. కథకి అదే ప్రాణమట.

"దూరం నుంచి ఒకటే షాట్ అన్నా. మధ్యలో కట్ లేదు. మోసం చెయ్యడానికి వీల్లేదు. పెద్దన్న చెయ్యి ఎలా ఉంది?"

"వచ్చేసింది" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. రాదా ఏంటి, వస్తుంది. కాస్త ముందుగా చెప్పాను, అంతే.

ఆయుధపూజ అయిన మర్నాడు మొదలుపెడతారట. అంతకు ముందు ఒకసారి వచ్చి చూసుకుంటానన్నాడు.

ఆగస్టు 21

అన్నకి కథ చెప్పాను. చాలాసేపు ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు.

"నేను చివర వేసిన వేషం ఏంటో తెలుసా?"

తెలుసు. శవం. హీరో తాత. పాడె మీద పడుకోబెట్టి దండేశారు. షాట్ అయ్యాక, మామూలుగా చేసేదే, లేపి కెమెరా వైపు ఒకసారి నవ్వమన్నారు, కీడు తగలకుండా. అన్న నవ్వాడు.

"ఆ నవ్వు కత్తిరించేశార్రా. సినిమాలో పెట్టేది కాదుగా. అంటే జనం నన్ను చివరిసారి చూసింది ముక్కులో దూదితో. ఒక్కడు కూడా నవ్వలేదు. ఆఖరి వేషం అది అవ్వకూడదు, ఊదుబత్తీ."

"అవ్వదన్నా."

"చెయ్యి లేస్తుందంటావా?"

"లేస్తుంది."

ఇద్దరికి చెప్పాను ఇప్పటికి.

ఆగస్టు 25

ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. అన్న చెయ్యి ఆయన మోకాలు దాటింది. జెసింత చప్పట్లు కొట్టింది.

ఆగస్టు 27

వాళ్ళింట్లో కుర్చీ నడుముకి పడట్లేదు నాకు. ముక్కాలిపీట వేసుకున్నాను. అన్న చెయ్యి నా భుజం దాకా వచ్చింది. ఎంత మార్పు.

ఆగస్టు 30

ముక్కాలిపీట కూడా ఎత్తే. వదిన కూరగాయలు తరిగే చిన్నపీట హాయిగా ఉంది. అన్న చెయ్యి నా మెడ దాకా వచ్చింది.

సెప్టెంబరు 1

మెడ పట్టేసింది. చెల్లక్కని ఆవనూనె రాస్తూ "పైకి ఎత్తి ఎత్తి చూస్తే పట్టుకునే నొప్పి ఇది. ఏం చూస్తున్నారు అంత ఎత్తున?" అంది. వయసు అన్నాను.

సెప్టెంబరు 3

అమ్మ ఫోన్ చేసింది, ఊరినుంచి. చెల్లెలి దగ్గర ఉంటోంది. అన్నకి ఎలా ఉందని అడిగింది. ఎనభై దాటాక ఆవిడ ఒకసారి అడిగింది మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, అన్ని సార్లూ చెప్పాను.

ఆవిడ అన్నని మొదటిసారి చూసిన రోజు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా ఊరి టెంటు హాల్లో నా మొదటి సినిమా చూసింది. కొడుకు తెరమీద కనపడ్డాడని అందరూ సంబరపడితే ఈవిడ లేచి, ఇంటికి పోయి, చీపురు గుడ్డలో చుట్టుకుని మద్రాసు బస్సెక్కింది. సరాసరి అన్న ఇంటికి.

"నా కొడుకుని కొట్టింది నువ్వేనా?"

అన్న చీపురు చూశాడు. "అమ్మా, నా చెయ్యి వాడికి తగల్లేదు. అది సినిమా."

"నా కళ్ళతో చూశాను. మళ్ళీ తగల్దని ఏంటి నమ్మకం?"

అన్న పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. ఆ మంట మీద అరచేత్తో కొట్టి ఆర్పి ఒట్టేశాడు. "ఈ చెయ్యి నీ కొడుకు ఒంటికి ఎప్పటికీ తగలదమ్మా." అమ్మ చీపురు మూలన పెట్టి, అన్నం తిని, రాత్రి బస్సుకి వెళ్ళిపోయింది. ఆ చీపురు వదిన అరిగిపోయేదాకా వాడింది.

సెప్టెంబరు 8

నేల మీద కూర్చున్నాను. ఈ ఉక్కలో నేల చల్లగా ఉంటుంది.

అన్న చెయ్యి నా బుగ్గ ముందుకి వచ్చింది. వచ్చింది. నా తల దానంతట అదే తిరిగింది, అచ్చం కారైక్కుడిలో తిరిగినట్టు. వదిన కళ్ళొత్తుకుంది. జెసింత మాత్రం నన్నే చూసింది.

ఇళంపరిదికి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి అబద్ధం కాదు.

సెప్టెంబరు 9

జెసింత ఈ రోజు గదిలోకి అద్దం ఉన్న బీరువా జరిపించింది. తన చెయ్యి తను చూసుకుంటే అన్నకి మంచిదట.

అన్న చెయ్యి లేపబోయి అద్దంలోకి చూశాడు. ఆయన చెయ్యి నడుము దగ్గరే ఉంది. దాని కింద నేను. నేలమీద, మెడ చాచుకుని, బావిలోంచి పైకి చూసే తాబేల్లాగా.

చెయ్యి దించేశాడు.

"రేపు గొయ్యి తవ్వించనా? అందులో కూర్చుందువు గాని."

"అన్నా, నేల చల్లగా…"

"ఇన్నాళ్ళూ నేను కొట్టలేదు. నువ్వే వచ్చి తగుల్తున్నావు."

"నీకు ధైర్యం వస్తుందని…"

"సినిమాలో అబద్ధం ఆడాం, దానికి జీతం ఇచ్చారు. నా ఇంట్లో, నా మంచం ముందు ఆడతావా? లే. రేపట్నుంచి రావద్దు."

వదిన గేటు దాకా వచ్చింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సెప్టెంబరు 10

వెళ్ళలేదు.

సెప్టెంబరు 11

వడపళని మురుగన్ గుడి దాకా నడిచి, అక్కణ్ణుంచి అలవాటు కొద్దీ వలసరవాక్కం బస్సెక్కాను. వాళ్ళ వీధి మలుపులో దిగి తిరిగొచ్చాను. గాలి మార్పుకి.

సెప్టెంబరు 13

ఇళంపరిది ఫోన్. చూసుకోవడానికి ఇరవై ఏడున వస్తాడట. సరే అన్నాను. ఆ పిల్లాడు సంతోషంగా ఉన్నాడు. నా నోటికి ఎవరైనా తాళం వేస్తే బాగుండు.

సెప్టెంబరు 16

వెళ్ళలేదు. ఎందుకు రాస్తున్నానో ఇది.

సెప్టెంబరు 19

వదిన ఫోన్ చేసింది.

"మరిదీ, ఇల్లంతా దూది."

"ఏమైంది వదినా?"

"కిటికీ ఊచలకి తలగడ వేలాడదీయమన్నాడు. నువ్వెళ్ళిన రోజునుంచి పొద్దున్నా సాయంత్రం దాన్ని కొడుతున్నాడు. మొదట్లో దాని కింది అంచు తగిలేది కాదు. ఈ రోజు చిరిగింది. కూరలో దూది, మంచినీళ్ళలో దూది. మీ అన్న తలలో దూది, ఇంకో పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. నువ్వు రా. తలగడ కొనడం నావల్ల కాదు."

"ఆయన రమ్మన్నాడా?"

"తలగడకి నీ పేరు పెట్టి తిడుతున్నాడు. ఇంకేం కావాలి?"

సెప్టెంబరు 20

వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. అన్న నావైపు చూడకుండానే "వదినా, ఆ ఎత్తు స్టూలు వెయ్యి, గోడ గడియారానికి కీ ఇచ్చేటప్పుడు ఎక్కేది" అన్నాడు. వదినని ఆయన కూడా వదినా అన్నాడు, కోపంలో. ఆవిడ పట్టించుకోలేదు.

ఎక్కి కూర్చున్నాను. కాళ్ళు నేలకి అందలేదు.

చెయ్యి లేచింది. మెల్లగా. మోకాలు, ఛాతీ, భుజం. వణుకుతూ, ఎండలో ముసలాయన మెట్లెక్కినట్టు, ఒక్కో మెట్టు దగ్గర ఆగి. నా బుగ్గ దాకా వచ్చింది. బుగ్గకి ఒక్క వేలెడు దూరంలో ఆగిపోయింది.

"ఇంకొంచెం అయ్యా" అంది జెసింత.

కదల్లేదు. దిగిపోయింది.

సెప్టెంబరు 22

అక్కడే ఆగింది.

సెప్టెంబరు 24

అక్కడే. జెసింతకి అర్థం కావట్లేదు. గోడమీద క్యాలెండర్ చూపించి తాకమంది, తాకాడు. బీరువా పిడి, పట్టుకున్నాడు. వదిన ముక్కుపుడక కూడా తాకాడు, ఆవిడ చెయ్యి మీద కొట్టింది. నా బుగ్గ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలెడు దూరం.

"నరాల్లో ఏమీ లేదు అయ్యా. ఇంకేదో ఉంది" అంది నాతో బయట.

దెబ్బ వేగంగా వస్తే వేలెడు దూరంలో ఆపినా ఫరవాలేదు, నేను తిప్పుకుంటాను, తగిలినట్టే ఉంటుంది. ఇంత నిదానంగా వచ్చి ఆగితే, ఎవరో అడ్రసు అడగబోయి మానుకున్నట్టుంది.

సెప్టెంబరు 27

ఇళంపరిది వచ్చాడు. చూశాడు. చెయ్యి వచ్చింది, ఆగింది, వణికింది, దిగింది. నా తల ఎప్పుడు తిప్పాలో తెలీక రెండుసార్లు తిప్పాను.

కాఫీ తాగాడు. అన్న కాళ్ళకి దండం పెట్టాడు. గేటు దగ్గర నాతో అన్నాడు.

"అన్నా, మీరు చెయ్యి వచ్చేసిందన్నారు."

"అవును. అన్నాను."

"నిర్మాతకి నేనేం చెప్పను? ఆ రోజుకి ఇంకొకాయన్ని కూడా మేకప్ వేసి కూర్చోబెడతాను. టీవీలో చేస్తాడు, మంచివాడు. పెద్దన్న చెయ్యి తగిలితే సరే. లేకపోతే ఆయన చేస్తాడు. తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోలేదు. ఆ పిల్లాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా ముఖం చూస్తూ కూడా ఏడ్చిన మనిషి, జ్ఞానముత్తు మాస్టారి తర్వాత ఈ పిల్లాడే.

సెప్టెంబరు 28

అన్నతో పోట్లాడాను. నేను. ఆయనతో.

"తలగడ చించావు. క్యాలెండర్ తాకావు. నా బుగ్గకి ఏం రోగం? మొన్న గడ్డం కూడా గీసుకుని వచ్చాను."

అన్న కిటికీ వైపు తిరిగాడు.

"ఆ రోజు పక్కన ఇంకొకడు మేకప్ వేసుకుని కూర్చుంటాడు. ఆఖరి వేషం శవం అవ్వకూడదన్నావుగా."

"కొట్టలేనురా."

"కొట్టగలవు. చూశాను."

"చెయ్యి ఇంత నిదానంగా ఉంటే వెంట్రుకవాసిలో ఆపడం కుదరదు. తగలాల్సిందే. తగలదని ఒట్టేశాను. కర్పూరం మీద. మీ అమ్మకి."

నేను స్టూలు మీదే ఉండిపోయాను. అంతకు ముందే ఈ డైరీలో ఆ కర్పూరం గురించి రాసి నవ్వుకున్నాను. రాసిన వేళ్ళకి కూడా తట్టలేదు. నాకు అది తమాషా. ఆయన దాన్ని ఇన్నేళ్ళూ అరచేతిలో పెట్టుకు తిరిగాడు. ఆ చెయ్యి ఒక వెంట్రుకవాసి ముందు ఆగడం పనితనం అనుకున్నాను. పనితనమే. అందులో సగం మా అమ్మ.

వదిన గుమ్మంలో నిలబడి వింది. లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఒట్టు వేయించుకున్నావిడ బతికే ఉందిగా. అడగండి."

స్పీకర్ పెట్టాను.

"అమ్మా, నేను సుడలైని."

"ఇప్పుడే టీవీలో చూశాను నిన్ను. అప్పుడే ఇంటికెళ్ళిపోయావా?"

"అది పాత సినిమా అమ్మా. మరుదప్పన్ అన్న చేత కర్పూరం మీద ఒట్టేయించావు, గుర్తుందా? నన్ను తాకనని."

"నేనా? ఎక్కడ?"

"మద్రాసులో. చీపురు తీసుకొచ్చావు."

"చీపురు గుర్తుంది. కొత్త చీపురు. తిరిగి తెచ్చుకోలేదు. నెత్తళ్ళ పులుసు పెట్టింది ఆ పిల్ల. ఉప్పు తక్కువ."

"తక్కువేం కాదు" అంది వదిన.

"ఒట్టు సంగతి చెప్పమ్మా."

"ఏ ఒట్టు?"

అన్న నన్ను చూశాడు. నేను అన్నని చూశాను. సినిమాలో అయితే ఇక్కడ చెయ్యి లేపేవాడు. ఎడమచేత్తో ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మా, నేను మరుదప్పన్ని. మీకు గుర్తు లేకపోయినా నేను వేశాను. దాన్ని తీసెయ్యాలి మీరు."

"తీసేస్తే నా కొడుకుని కొడతావా?"

"కొడతానమ్మా."

"గట్టిగానా?"

"గట్టిగా కొట్టే ఓపిక లేదమ్మా. చెయ్యి పడిపోయింది."

ఫోన్ కట్ అయిందనుకున్నాం.

"అయితే కొట్టుకో నాయనా. ఆ చేత్తోనే పిళ్ళైయారు వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి, తర్వాత వీణ్ణి కొట్టు. ఓపిక వచ్చాక మాత్రం మానెయ్యి."

అక్టోబరు పూజ రోజు

స్టూడియోలో ఆయుధపూజ. కెమెరాలకి బొట్లు, లైట్లకి దండలు, జనరేటర్ వ్యానుకి అరటి పిలకలు. గుమ్మడికాయ కుంకుమతో ఎర్రగా ఉంది. అన్నని కుర్చీలో తీసుకొచ్చారు. పిళ్ళైయారు ముందు కొబ్బరికాయ కుడిచేతిలో పెట్టాను. విసిరాడు. విసిరాడని ఆయన అంటాడు. అది జారి, దొర్లి, వాలులో పోయి వ్యాను చక్రం కిందికి వెళ్ళింది. డ్రైవరు అప్పుడే బండి కదిపాడు.

ఠప్‌మంది.

"పగిలిందా?" అన్నాడు అన్న.

"పగిలింది."

"ఎవరు పగలగొట్టారని పిళ్ళైయారు అడుగుతాడంటావా?"

"ఆయనకి ఇవాళ చాలా కాయలున్నాయన్నా. లెక్క పెట్టడు."

మర్నాడు

ఇది మొత్తం రాసి పడుకోవాలి.

బస్టాండు సెట్టు. మూలన కుర్చీలో ఆ టీవీ ఆయన మా అన్న వేషంలోనే, మా అన్న మీసంతోనే కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి వచ్చి అన్న కాళ్ళు తాకాడు. "చల్లగా ఉండు. కానీ ఈ రోజు కాదు" అన్నాడు అన్న. ఆయన నవ్వాడు. నిజంగానే మంచివాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

షాట్‌కి ముందు అన్న ఎప్పటిలాగే పైకి చూశాడు, లైట్‌మన్ల వైపు. ఆయనకి డైరెక్టరు నవ్వు లెక్క కాదు. "కింద ఉన్నోళ్ళకి మనమీద మొహమాటం ఉంటుంది. పైన ఉన్నోళ్ళకి నిద్ర తప్ప ఏమీ ఉండదు. వాళ్ళు నవ్వితేనే నవ్వు" అని నాకు కారైక్కుడిలోనే చెప్పాడు.

"ఊదుబత్తీ, తల తిప్పకు. ఈసారి నేను వస్తాను" అన్నాడు చెవిలో.

స్టార్ట్ అన్నారు.

నేను సంచి పట్టుకుని బస్సు దిగాను. నడిచి వచ్చి ఆయన బెంచీ ముందు వంగాను.

"ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళూ."

భుజం కదిలింది. జ్ఞానముత్తు మాస్టారి దగ్గర నుంచి ఈ రోజు దాకా భుజం కదిలితే నా మెడ నా మాట వినలేదు. ఈ రోజు పళ్ళు బిగించి పట్టుకున్నాను. నా బతుకులో చేసిన కష్టమైన నటన ఏదని ఎవరైనా అడిగితే, కదలకుండా ఉండటం.

చెయ్యి వస్తోంది. మోకాలు దాటింది. వణుకుతోంది. ఛాతీ. భుజం. వేలెడు దూరం. అక్కడ ఆగింది. నేను ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన నన్ను చూడట్లేదు, నా వెనక ఎవరో చీపురు పట్టుకుని నిలబడినట్టు చూస్తున్నాడు.

తర్వాత తగిలింది.

వెచ్చగా ఉంది. కొంచెం గరుకు. పసిపిల్ల చెయ్యి వేసినంత బరువు కూడా లేదు. అలాగే ఉండిపోయింది నా ఎడమ బుగ్గ మీద. తీసుకోవడానికి ఆయనకి ఓపిక లేదు. నేను ఏం చెయ్యాలో మర్చిపోయాను.

అన్న ముఖం ఏమీ మారలేదు. పాత సినిమాల్లోలాగే కనుబొమ్మ ఒకటి ఎత్తాడు.

"తల తిప్పరా. ఎంతసేపు కొట్టను?"

అది రాసుకున్న మాట కాదు. నేను తల తిప్పాను. చాలా ఆలస్యంగా, చాలా గట్టిగా, సంచి ఎగిరి, నేను పోయి టికెట్ల కౌంటరు దగ్గర పడ్డాను.

పైనుంచి ఒక స్పానర్ కింద పడింది. ఎవడో నవ్వి నవ్వి చేతిలోంచి వదిలేశాడు. తర్వాత అందరూ. ఇళంపరిది కట్ చెప్పడం మర్చిపోయి ముఖం తువ్వాల్లో పెట్టుకున్నాడు. మూలన ఆ టీవీ ఆయన నెమ్మదిగా మీసం పీకేసుకుంటున్నాడు, నవ్వుతూనే.

అన్న పైకే చూస్తున్నాడు.

"దెబ్బ చప్పుడు డబ్బింగ్‌లో వేద్దాం పెద్దన్నా" అన్నాడు ఇళంపరిది తర్వాత.

"వద్దు. ఇన్నాళ్ళూ తగలని దెబ్బకి చప్పుడు వేశారు. తగిలినదాన్ని ఊరికే ఉండనీ."

వచ్చేటప్పుడు ఆటో అబ్బాయి అద్దంలో నన్ను గుర్తుపట్టాడు. అందరిలాగే అడిగాడు.

"అన్నా, ఆయన కొడితే నిజంగా తగుల్తుందా?"

"తగుల్తుంది" అన్నాను.

నమ్మలేదు. నవ్వాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను. చెల్లక్కని అన్నం పెడుతూ నా ముఖం వైపు వంగి చూసింది.

"ఏంటిది, ఒక బుగ్గకే మేకప్ తుడుచుకున్నారు? ఎడమవైపు అలాగే ఉంది."

"కొబ్బరినూనె అయిపోయింది" అన్నాను.

లోపలికి వెళ్ళి నిండు సీసా తెచ్చి కంచం పక్కన పెట్టింది. మూత కూడా తీసింది. నేను అన్నం కలుపుకున్నాను. ఆవిడ కాసేపు చూసి, మూత పెట్టి, సీసా మళ్ళీ లోపలికి తీసుకెళ్ళిపోయింది.